పొలుసు బిళ్ల

పసుపుపచ్చ గాలిగొట్టం పడవ అంచు దాటి నీళ్లలోకి దిగేచోట ఎడమ అరచెయ్యి ఆనించి కూర్చుంది రొమ్లా. కుడి మణికట్టుకు తాడు ఒక చుట్టు చుట్టుకుని ఉంది. వెనక గాలి యంత్రం టకటకా కొట్టుకుంటూ పడవ పలకలన్నిటినీ వణికిస్తోంది. ఆ వణుకు వేరు, గొట్టంలో తెలిసే వణుకు వేరు. గొట్టంలోది సర్కోవి ఊపిరి. పాలెంబాంగ్‌ను ఆనుకుని పారే ముసి నది అడుగున, తన చెయ్యి తనకే కనపడని చీకట్లో, అతను బురద తడుముకుంటూ పాకుతున్నాడు. పీల్చినప్పుడు గొట్టం లోపల ఏదో సన్నగా లాగినట్టుంటుంది. వదిలినప్పుడు పడవకు కాస్త దూరంలో బుడగలు గుత్తిగా తేలి పగులుతాయి. చేతికి తెలిసిందీ కంటికి కనిపించిందీ ఒకదాని వెంట ఒకటి వరసగా వస్తున్నంతసేపూ మొగుడు బాగున్నట్టు.

పెళ్లయిన కొత్తలో ఆమెకు ఇదంతా తెలిసేది కాదు. ఊరికే గొట్టం పట్టుకుని భయపడుతూ కూర్చునేది. ఇప్పుడు ఇంట్లో నడుం వాల్చినా ఆ చెయ్యి ఊరుకోదు. పక్కన మొగుడి గురక ఒక్క క్షణం ఆగితే చాలు, వేళ్లు చాప మీద గొట్టం కోసం వెతుక్కుంటాయి.

ఆమెకు యాభై దాటాయి. మనిషి పొట్టి. ఏళ్ల తరబడి బకెట్లు లాగి లాగి కుడి భుజం రెండోదానికంటే కిందికి జారింది. రేవులో నడుస్తుంటే చంకన ఎవరికీ కనపడని బిందె ఒకటి ఉన్నట్టు ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. నీళ్ల మీద ఎండ తళుకు చూసి చూసి కళ్లు చికిలించుకుపోయాయి. కుడిచేతి బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ మాత్రం పొడుగ్గా, శుభ్రంగా, కొస పదునుగా ఉంటాయి. వాటిని రాయి మీద అరగదీసుకుంటుంది. తల దువ్వుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఆ గోళ్ల సంగతి మరిచిపోయిన రోజు లేదు.

తాడు రెండుసార్లు కదిలింది. బకెట్టు నిండిందని.

మోకాళ్లు పడవ అంచుకు తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. నల్లటి ఇసుక, ఇనుము వాసన. వెడల్పాటి చెక్క పళ్లెంలోకి వంపి, ఖాళీ బకెట్టు మళ్లీ తాడు వెంట జారవిడిచి, పళ్లెం అంచు నీళ్లలో ముంచి గుండ్రంగా తిప్పసాగింది. తేలికపాటి బురద నదిలోకి వెళ్లిపోయింది. పింగాణీ పెంకులు, వలకు కట్టే సీసం గుళ్లు, తుప్పు పట్టిన మేకులు, సోడా మూతలు. వాటిని ఏరి పారేసింది. ఇంకా తిప్పింది. చివరికి పళ్లెం నడుమ గుంటలో చారెడు నల్లపొడి మిగిలింది. అందులో మునగాకంత తగరపు బిళ్లలు రెండు మూడు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నడుమ చిన్న చిల్లు. అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఊదితే ఎగిరిపోయేటంత పలచన.

సుల్తానుల కాలంలో పాలెంబాంగ్ బజారులో ఇవే నడిచేవట. అంతకు ముందు, సుల్తానులే లేనప్పుడు, ఇదే రేవులో బంగారంతో ఇంకా చిన్నవి పోసేవాళ్లట. పెసరగింజంత ముద్ద, దాని మీద చందనప్పువ్వు గుర్తు. బంగారం దొరికితే పాత నాణేలు కొనే దుకాణంవాడు తీసుకుంటాడు. తగరాన్ని తూకానికి తీసుకుంటాడు. మరీ చిన్నవీ విరిగినవీ అయితే అతనే తిరిగి నదిలో పారెయ్యమంటాడు.

ఆ పారేసేవాటినే రొమ్లా ఉంచుకుంటుంది. పెళ్లయిన ఏడాదే, పళ్లెం కడుగుతుంటే గోటి కింద ముల్లులా ఏదో దిగింది. పీకి చూస్తే చేప పొలుసంత తగరపు బిళ్ల. ఇంత చిన్నదాన్ని కూడా ఎవరో పనిగట్టుకుని పోసి, చిల్లు పొడిచి, అక్షరాలు అచ్చొత్తారని ఆశ్చర్యపోయింది. ఇది చేతిలో పెట్టుకుని ఏ ఆడమనిషో బజారుకు పోయి ఉంటుంది. ఏం కొనుక్కుని ఉంటుంది? ఆ రోజంతా అదే ఆలోచన. అప్పటినుంచీ చిన్నది కనిపిస్తే వదలదు. పడవ సందుల్లో పూసే గుగ్గిలం ఒక చెక్క మీద మందంగా పరిచి, అది ఆరకముందే బిళ్లలు వరసగా అద్దుతుంది. ఏ కాలందో చూడదు. పెద్దదాని పక్కన దానికంటే చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. డచ్చివాళ్ల కిరీటం ఉన్న వెండి బిళ్ల పక్కన, జపానువాళ్లు వచ్చినప్పటి తెల్ల లోహపు బిళ్ల. ఆమె చిన్నప్పుడు తండ్రి చేపముక్కలు అమ్మి వచ్చి చేతిలో పెట్టిన అల్యూమినియం బిళ్ల. సుల్తానులవి. పక్కరాజ్యం జంబీవి. వరస చివర, గోటితో తప్ప పట్టుకోలేనివి.

"రాజులూ దొరలూ అందర్నీ ఒకే చెక్క మీద కూర్చోబెట్టావు. కొట్టుకోరా వాళ్లు?" అంటాడు సర్కోవి.

"చిన్నవాళ్లు కొట్టుకోరు," అంటుంది ఆమె.

నిన్న ఈ చోటే, ఆఖరి బకెట్టులో, ఆమె ఇంతవరకూ చూడనిది ఒకటి వచ్చింది. బంగారమే. పెసరగింజ కాదు, దాంట్లో పావు కూడా ఉండదు. నువ్వుగింజ కంటే కాస్త పెద్దది. అయినా దాని మీద పువ్వు గుర్తు ఉంది, నాలుగు రేకులతో సహా. గోటి కొసన ఎత్తి మొగుడికి చూపించబోయింది. అంతలో ఏదో మోటారు పడవ రేపిన అల వచ్చి తగిలింది. గోరు ఖాళీ.

నిన్నంతా ఆమె అన్నం సరిగా తినలేదు. సర్కోవి ఈ పొద్దున లేచి, "పద, ఎవరూ లేవకముందే పోదాం," అన్నాడు అంతే.

మామూలుగా ఏ గజ ఈతగాడూ ఒంటరి పడవతో రాడు. రెండు పడవలు జతగా వెళ్లాలి. కింద ఒకడు ఇరుక్కుంటే ఇంకొకడు దిగాలి. రొమ్లాకు ఈత వచ్చు గానీ అడుగుకు దిగడం రాదు. సర్కోవికి జత ఎప్పుడూ చిక్‌డెన్ పడవే. నిన్న అతను ముందే ఇంటికి పోయాక ఈ మలుపుకు వచ్చారు, ఈ రోజు అసలు అతనికి చెప్పనే లేదు. చోటు పదిమందికీ తెలిస్తే సాయంత్రానికల్లా అడుగంతా తోడేస్తారు. పైగా ఇది కెమరో దీవి మలుపు, పెద్ద ఓడలు పోయే లోతు దారికి ఒడ్డున. ఇక్కడ లంగరు వెయ్యొద్దని అందరికీ తెలుసు.

బుడగలు పడవ దగ్గరికి వచ్చాయి. సర్కోవి తల తేలింది. నోట్లోంచి గొట్టం తీసి, అద్దం నుదుటి మీదికి తోసి, పడవ అంచు పట్టుకుని రొప్పుతూ వేలాడాడు. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. పలచటి గడ్డంలో బురద. అతనికి అరవై దగ్గర పడుతోంది. పొట్ట లోపలికి, పక్కటెముకలు పైకి.

"ఏమే, ఏం వచ్చింది?"

"పెంకులు. మేకులు. నీ తలకాయ."

"నా తలకాయ ఇక్కడే ఉందే. ఇప్పుడే తడుముకున్నా." నవ్వబోయి దగ్గాడు. "గుంట లోతుగా ఉంది రొమ్లా. పైన బురద మెత్తగా ఉంది గానీ కింద గట్టి నేల. ఆ నేల మీదే ఉండాలి ఏమైనా ఉంటే."

"రాళ్లు తగుల్తున్నాయా?"

"రాళ్లు కాదు, ఇటికలు. ఎవరింటి గోడో. లోపలికి రమ్మంటారేమోనని తలుపు కోసం వెతికా."

ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. అతను నీళ్లలోనే ఉండి తాగాడు. పైకి ఎక్కితే మళ్లీ దిగబుద్ధి కాదని. తాగి, నోట్లో గొట్టం పెట్టుకుని మునిగాడు.

పొద్దెక్కింది. పోటు నీళ్లు సముద్రం వైపునుంచి పైకి వస్తూ వస్తూ మెల్లగా నిదానించాయి. తమలపాకు మొక్క ఒకటి వేళ్లతో సహా కొట్టుకొచ్చి, ఎటూ పోకుండా పడవ పక్కనే తిరుగుతోంది. దాన్ని చూసి రొమ్లాకు నచ్చలేదు. పోటు నిండిందంటే పాటు మొదలవుతుంది. పాటు మొదలవగానే బొగ్గు బార్జీలు కిందికి వదులుతారు.

రెండు బకెట్లు వచ్చాయి. కడిగింది. రెండోదాంట్లో పెసరగింజంత బంగారం ఒకటి తగిలింది. పువ్వు గుర్తు స్పష్టంగా ఉంది. వేరే రోజైతే గంతులేసేది. నాలుకతో బురద తుడిచి, చూసి, చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది. ఇది కాదు. ఇది దుకాణంవాడికి.

మోటారు చప్పుడు విని తలెత్తింది. చిక్‌డెన్ పడవ. రొమ్లా పళ్లెం మీద తలగుడ్డ కొస కప్పింది.

"ఏం అక్కా, ఇంత పొద్దున్నే! నన్ను లేపితే నా నిద్ర పాడవుతుందనా?" చిక్‌డెన్ మోటారు ఆపి, అంత దూరంలోనే పడవ తేలనిచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. ఒక చెవి నీళ్ల ఒత్తిడికి ఎప్పుడో చెడిపోయి, మాట్లాడేటప్పుడు మంచి చెవి ఇటు తిప్పుతాడు.

"మీ అన్నకి ఏదో పిచ్చి. ఊరికే చూద్దామని వచ్చాం. పెంకులు తప్ప ఏం లేవు ఇక్కడ."

"పెంకులకే తలగుడ్డ కప్పావా? చలేస్తోందా వాటికి?"

రొమ్లా మొహం చిట్లించుకుంది గానీ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"అక్కా, నాకేం వాటా వద్దు. పోటు నిండింది చూడు. బార్జీలు వదిలే వేళైంది. నేనూ ఇక్కడే ఆగుతా, అన్న పైకొచ్చేదాకా. జతగా ఉంటా."

ఆ మాటకు ఆమె ఔననాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతను ఆగితే ఊరికే కూర్చోడు, దిగుతాడు. దిగితే ఆ గట్టి నేల తగులుతుంది.

"వద్దులే తమ్ముడూ. ఇదే ఆఖరు. మేమూ వచ్చేస్తున్నాం. నువ్వు పో."

చిక్‌డెన్ బుడగల వైపు కాసేపు చూశాడు. గొట్టం మీద ఉన్న ఆమె చేతి వైపు చూశాడు. "సరే, నీ ఇష్టం," అని మోటారు తిప్పాడు. పడవ దీవి అవతలికి పోయింది. చప్పుడు మాత్రం చాలాసేపు వినపడింది. అది వినపడనంత దూరం పోయాక రొమ్లా పళ్లెం మీది తలగుడ్డ కొస తీసేసింది.

సర్కోవి పైకి వచ్చాడు. ఈసారి పడవలోకి ఎక్కాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నడుం పట్టీకి ఉన్న సీసం దిమ్మలు పలక మీద దబ్బుమన్నాయి.

"చాలు. చలేస్తోంది. ఎవరితో మాట్లాడావు? మోటారు వినపడింది."

"చిక్‌డెన్."

"ఆగమనలేకపోయావా?"

"ఆగితే దిగడా మరి?"

అతను లుంగీ భుజాల చుట్టూ కప్పుకుని, వణుకుతూ, ఆమె చివరి బకెట్టు కడుగుతుంటే చూశాడు. పళ్లెం తిరిగింది. గుంటలో నల్లపొడి మిగిలింది. రొమ్లా దాన్ని గోటితో అటూ ఇటూ విడదీసింది. ఏమీ లేదు. మళ్లీ నీళ్లు పోసి, ఏమీ లేని పళ్లాన్నే మళ్లీ తిప్పింది.

"మొహం అట్టా పెట్టావేం?"

"ఏం లేదు."

"నిన్నటిదాని కోసమేనా?"

నదిలో జారిపోయింది జారిపోయినట్టే. అదే మళ్లీ దొరుకుతుందని ఆమె కూడా అనుకోలేదు. కానీ అలాంటిది ఒకటి ఉంది అంటే ఇంకొకటి ఉండి తీరాలి. ఒక్కదాని కోసం ఎవరూ అచ్చు చెక్కరు.

"దుకాణంవాడి తక్కెడలో పెడితే ముల్లు కూడా కదలదే అది. తుమ్మితే పోతుంది," అన్నాడు సర్కోవి.

"తెలుసు."

"ఏం చేసుకుంటావు?"

"చూసుకుంటా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్లలో ఆమె అతన్ని కొత్త బట్ట అడగలేదు, గాజులు అడగలేదు. కూతురి పెళ్లికి మెడలోది అమ్మినప్పుడు కూడా నోరెత్తలేదు. అడిగింది అంటూ ఉంటే ఇవే, నది కూడా లెక్కచెయ్యని తుంపులు.

"ఒక్క బకెట్టు," అంది రొమ్లా, నీళ్ల వైపు చూస్తూ. "ఒక్కటే."

సర్కోవి లుంగీ తీసేశాడు. "నీ బిళ్లల పిచ్చి నీళ్లపాలు కానూ," అని, గొట్టం నోట్లో పెట్టుకుని, వెనక్కి ఒరిగి నీళ్లలో పడ్డాడు.

తమలపాకు మొక్క కదిలింది. మొదట పడవ ముందుకు, తర్వాత పక్కకు, ఆ తర్వాత కిందికి, సముద్రం వైపు. పాటు మొదలైంది. లంగరు తాడు బిగుసుకుని నీటి చుక్కలు రాల్చింది. రొమ్లా రెండు చేతులా గొట్టం పట్టుకుంది. ఊపిరి వస్తోంది. బుడగలు వస్తున్నాయి. కానీ ప్రవాహానికి వాలుగా, పడవకు బాగా దూరంగా.

మలుపు అవతల హారను మోగింది.

ముందు టగ్గు పడవ కనిపించింది, పొగ కక్కుతూ. దాని వెనక ఇనప తాళ్లు. ఆ వెనక దీవి చెట్లను దాటుకుని, నల్లటి గుట్ట ఒకటి మెల్లగా నది మధ్యలోకి నడిచి వచ్చింది. బొగ్గు. ఎంత మెల్లగా వస్తోందంటే, దాన్నుంచి తప్పించుకోవడం పెద్ద పనే కాదనిపిస్తుంది. కానీ ప్రవాహం తిరిగిన వేళ బార్జీ తోక మలుపులో పక్కకు ఊగుతుంది. ఎటు ఊగుతుందో టగ్గువాడికి కూడా తెలియదు.

రొమ్లా తాడు గట్టిగా నాలుగైదుసార్లు లాగింది. పైకి రా.

కింది నుంచి ఒక్కసారి బదులొచ్చింది. బాగానే ఉన్నా.

"బాగుండటం కాదయ్యా, రా!" అని నీళ్ల మీదికి అరిచింది. మళ్లీ లాగింది. ఏమీ లేదు. బుడగలు ఉన్నచోటే ఉన్నాయి. హారను మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా. టగ్గు మీద ఎవరో చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. మోటారు వెయ్యడానికి లేదు, గొట్టం రెక్కల్లో పడుతుంది. లంగరు తాడు కోస్తే పడవ కొట్టుకుపోతూ గొట్టాన్ని అతని నోట్లోంచి పీకేస్తుంది. కొయ్యకపోతే, ఆ నల్లటి గోడ.

కత్తి తీసి లంగరు తాడు మీద పెట్టింది. రెండో చేత్తో లాగుతూనే ఉంది.

తాడు రెండుసార్లు కదిలింది.

బకెట్టు నిండిందట.

రొమ్లాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఆపకుండా లాగింది, మణికట్టు దగ్గర చర్మం లేచిపోయేదాకా. బుడగలు ఆగాయి. చెయ్యి కింద గొట్టం ఊరికే వణికింది, యంత్రం వణుకు ఒక్కటే. తర్వాత నీళ్లు ఒక్కసారిగా తెల్లగా పొంగి, ఆ పొంగులోంచి సర్కోవి నడుం దాకా ఎగిరినట్టు పైకి వచ్చాడు. సీసం పట్టీ లేదు. కిందే వదిలేశాడు.

"కొయ్యి!" అని అరిచాడు.

కోసింది. పడవ గిర్రున తిరిగింది. ఒక చేత్తో అతని జుట్టు, ఇంకో చేత్తో చంక పట్టుకుని లోపలికి ఈడ్చింది. ఇద్దరూ పడవ అడుగున ఒకరి మీద ఒకరు పడ్డారు. బార్జీ తోక పక్కనుంచి పోయింది. ఎండ ఆగిపోయింది. తుప్పు, నాచు, ఇనప రేకుల అతుకులు, చెయ్యి చాస్తే అందేటంత దగ్గర, ఎంతకీ అయిపోకుండా పోయాయి. ఆ తర్వాత అలలు వచ్చి పడవను ఎత్తి ఎత్తి వేశాయి. మళ్లీ ఎండ పడింది.

ముందు సర్కోవే నవ్వాడు. 

"బార్జీవాడు పలకరించి పోయాడే."

"నీ నోరు పడిపోనూ! తాడు లాగుతుంటే బాగున్నానంటావా? బకెట్టు లాగమంటావా?" ఆమె అతని భుజం మీద గుద్దింది, ఇంకోసారి గుద్దింది. ఏడుస్తూ నవ్వుతోంది.

"తొందరేమో అనుకున్నా. బకెట్టు కోసం."

అతని ముక్కు కింద సన్నటి ఎర్ర చార కనిపించింది. తలగుడ్డ కొసతో తుడిచింది. "ఏంటిది?"

"ఊపిరి బిగబట్టి వచ్చానుగా. పోతుందిలే."

పడవ దీవి వెనక నిదానం నీళ్లలోకి కొట్టుకొచ్చి ఆగింది. బకెట్టు ఇంకా తాడు చివర వేలాడుతూనే ఉంది. అతను పలకకు ఆనుకుని కూర్చున్నాడు. భుజాలు రుద్దుకున్నాడు.

"చీమలు పాకుతున్నట్టుంది లోపల. మోకాళ్లు కూడా లాగుతున్నాయి."

ఆ మాట అంటే ఏమిటో రేవులో అందరికీ తెలుసు. లోతునుంచి మరీ తొందరగా పైకి వచ్చినవాళ్లు అంటారు ఆ మాట, ఆ తర్వాత కొందరు బతకరు. రొమ్లా మొహం మారింది.

"పద, రేవుకు పోదాం. ఆసుపత్రికి..."

"ఆసుపత్రివాడు ఏం చేస్తాడు? కాసేపు నీళ్లలో మళ్లీ దిగితే అదే తగ్గుతుంది. సీసం పోయింది కదా, చిక్‌డెన్ దగ్గర పట్టీ తీసుకుని దిగుతా. ముందు ఆ బకెట్టు కడుగు. దానికోసం చచ్చీచెడీ తెచ్చా." పక్కన ఉన్న మూట విప్పాడు. అన్నం పొట్లాంతో పాటు డూకు పళ్లు ఉన్నాయి, పైన కొమెరింగ్ తోటలనుంచి వచ్చినవి, నిమ్మకాయంత, గోధుమరంగువి. ఒకటి తీసి బొటనవేలితో తొక్క నొక్కి, చీల్చి, తొనలు నోట్లో వేసుకున్నాడు. "తియ్యగా ఉన్నాయే. కానీ, కడుగు. నేను చూస్తుంటా."

ఆమె బకెట్టు లాగింది. అంత పోరాటంలోనూ సగం ఇసుక మిగిలే ఉంది. పళ్లెంలో వంపింది. ఇటిక ముక్కలు ఏరింది. నీళ్లు తిప్పింది. వెనక తొక్క చిట్లిన చప్పుడు వినపడింది.

"నీక్కూడా ఒకటి ఒలిచి పెట్టా," అన్నాడు సర్కోవి. "ముందు పని కానియ్యి."

"నొప్పి ఎలా ఉంది?"

"ఉంది. దాని పని అది చేసుకుంటోంది."

గుంటలో నల్లపొడి మిగిలింది. పొడిని గోటితో విడదీసింది. ఒక పక్కకు. ఇంకో పక్కకు. మెరిసింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. ఈసారి గోటితో ఎత్తలేదు. వేలి కొస తడి చేసుకుని, మెల్లగా అద్ది, తిన్నగా నాలుక మీద పెట్టుకుంది. బురద రుచి పోయేదాకా నాలుకతో తిప్పింది. పువ్వు గుర్తు నాలుకకు గరుగ్గా తగిలింది. నువ్వుగింజంత. అదే. నిన్నటిదో, దాని తోడబుట్టిందో.

పెళ్లయిన కొత్తలో, ఇద్దరూ ఇంకా సిగ్గుపడే రోజుల్లో, ఏదైనా దొరికితే ఇలాగే నాలుక బయటపెట్టి చూపించేది. అతను పడీపడీ నవ్వేవాడు. ఎన్నేళ్లయిందో అలా చేసి. రొమ్లా మోకాళ్ల మీదే వెనక్కి తిరిగి, నాలుక కొసన బిళ్ల నిలబెట్టి, నోరు తెరిచింది.

సర్కోవి పలకకు ఆనుకుని ఆమె వైపే చూస్తున్నాడు. తల కాస్త పక్కకు వాలి ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. గడ్డానికి డూకు రసం అంటుకుని ఉంది. నవ్వుతాడని ఆమె ఎదురుచూసింది. ఏదో ఒక మాట అంటాడని ఎదురుచూసింది. నోరు అలా తెరుచుకునే ఉంది.

తర్వాత ఆ బిళ్ల ఏమైందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. మింగిందో, అరిచినప్పుడు నీళ్లలో పడిందో.

బార్జీ హారను అంతసేపు మోగడం విని చిక్‌డెన్ వెనక్కి తిరిగాడు. దీవి మలుపు తిరిగేసరికి ఆ పడవ కనిపించింది. రొమ్లా మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, ఎడమ అరచెయ్యి అతని ఛాతీ మీద ఆనించి కూర్చుని ఉంది. కదల్లేదు, ఏడవలేదు. ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు తల వంచి ఉంది. యంత్రం వెనక ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

చిక్‌డెన్ ఆ పడవలోకి దూకి, మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. కాసేపు అలాగే ఉంచాడు. "ఇన్నాలిల్లాహి..." అని చావు దగ్గర చదివే మాటలు గొణిగాడు. వెళ్లి యంత్రం ఆపాడు. నది ఒక్కసారి పెద్దదైపోయినట్టు నిశ్శబ్దం పరుచుకుంది.

"పంపించేశాను నిన్ను," అంది రొమ్లా.

"అక్కా."

"ఆగుతానన్నావు. నేనే పంపించేశాను."

చిక్‌డెన్ మంచి చెవి ఆమె వైపే ఉంది. లుంగీ తీసి సర్కోవి మీద కప్పి, తన పడవకు ఆ పడవ కట్టి, రేవు వైపు లాక్కుపోయాడు.

రేవు మెట్ల దగ్గర జనం పోగయ్యారు. మగవాళ్లు నలుగురు దిగి సర్కోవిని ఎత్తుకున్నారు. ఆడవాళ్లు రొమ్లాను పట్టుకుని లేపారు. ఆమె కుడి మణికట్టుకు తాడు ఇంకా చుట్టుకునే ఉంది. ఎవరో దాన్ని మెల్లగా, చర్మం లేచినచోట తగలకుండా విప్పారు. కాలు జారే బురద మీద నడుస్తున్నట్టు నెమ్మదిగా మెట్లెక్కింది. పైమెట్టు మీద ఆగింది. కుడి భుజం జారి, ఒక పక్కకు ఒరిగి, వెనక్కి తిరిగి పడవలోకి చూసింది.

అతను ఆనుకుని కూర్చున్న పలక అంచున, కింద పడకుండా రెండు కర్రల సందులో నిలబెట్టి, ఆమె కోసం ఒలిచిన డూకు పండు అలాగే ఉంది. తొక్క నాలుగు రేకులుగా విచ్చుకుని ఉంది, నడుమ తెల్లటి తొనలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, ఒక తొన మీద అతని గోటి గాటు ఇంకా తడిగా ఉంది.